బొమ్మ అంటిస్తే ఫాంటసీ అయితదా? ఏడు సముద్రాల స్టోల్ చూడున్రి!

ఆపున్రి, ఈ డ్రాగన్ స్టోల్ లొల్లి ఇంక ఆపున్రి!

నమస్తే అందరికి, నల్లగొండ నుంచి మల్లొచ్చిన. పోయిన వీడియోల నేనన్నది ఒక్కటే మాట, స్టోల్ మీద, అంటే సూదులతోటి ఊలుతో అల్లే పొడుగు శాలువా మీద, డ్రాగన్ బొమ్మ అల్లినంత మాత్రాన అది ఫాంటసీ స్టోల్ కాదు అని, గంతే, దానికి ఇంత గొడవనా? ఒకామె నాకు కుళ్లు అంటది. ఇంకొకాయన పోచంపల్లి పక్కన పుట్టి నీకీ విలాయతి సూదులేంది బిడ్డా అంటడు. ఇద్దరికి ఒకటే జవాబు. కథ ఉండాల్సింది లెక్కల. మల్ల చెప్తున్న, లెక్కల!

గిది చూడున్రి, దగ్గరికి పెడ్త. దీంట్ల చిలుక బొమ్మ లేదు, మాంత్రికుడు లేడు. మా అమ్మమ్మకు కండ్లు సరిగ కనవడవు, చేతుల పెడితే ఈ కొస నుంచి తడుముకుంట పోయి "ఏడున్నయి కదనే, సముద్రాలా?" అన్నది. నాకు ఒళ్లు జలదరించింది! మాంత్రికుని పాణం ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రల చిలుకల ఉంటదని చిన్నప్పుడు చెప్పింది ఆమెనే మరి.

ఎట్ల జేసిన్నంటే, 96 స్టిచ్‌లు, అటు 3 ఇటు 3 అంచుకు, నడుమ 18 చొప్పున 5 అలలు. స్కాట్లండ్ కాడ ఉండే షెట్లాండ్ దీవులోళ్ల ఓల్డ్ షేల్ అల్లిక ఇది, మస్తుమంది ఫెదర్ అండ్ ఫ్యాన్ అంటరు. ఉంగరంల నుంచి దూరిపోయేంత సన్నటి శాలువాలు అల్లిన దీవులు అవి. నాలుగు వరుసలకొకపాలి 18 స్టిచ్‌లల ఆరు యార్న్ ఓవర్లు, అంటే దారం ఊకె సూది మీదికేసుడు, గాడ పొక్క పడి కొత్త స్టిచ్ పుడ్తది, అందుకని అటు మూడు జంటలు ఇటు మూడు జంటలు కలిపేస్తం, లెక్క మల్ల 18కే వస్తది, కలిపినకాడ బట్ట గుంజుకుంటది, పొక్కలున్నకాడ విచ్చుకుంటది, గదే అల. నేను అల బొమ్మ గీసిన్నా? బట్టనే అలయింది!

మొదటి సముద్రం ఈ నాలుగు వరుసలు 4 సార్లు, రెండోది 6, గట్ల పెంచుకుంట పోతే ఏడోది 16. మొత్తం 280 వరుసలు. నడుమ నడుమ సాదా అల్లిక, అవి గట్లు. కథల పిల్లగానికి పోను పోను గట్టు దొరకది కదా, అల్లేటోళ్లకు గూడ దొరకది, ఏడోదాంట్ల నిజంగ ఏడ్సిన.

ఇగ పోచంపల్లి పెద్దమనిషీ, ఇను. పుట్టపాకల తేలియా రుమాలు, గదే మన ఇక్కత్ గుడ్డ, ఎట్ల నేస్తరు? నూలును నూనెల, ఆముదం కాయల బూడిదల నానబెట్టి, గ్రాఫ్ ప్రకారం ముడులు గట్టి, రంగులద్ది, అప్పుడు గదా మగ్గం ఎక్కిచ్చేది. బట్ట పుట్టకముందే డిజైన్ దారంల ఉంటది. నేను గ్రాఫ్ కాయితం మీద పొక్కలు లెక్కవెట్టుడు ఆళ్లను చూసే నేర్సుకున్న. పాత రుమాళ్లల విమానాలు, గడియారాలు గూడ నేసిన్రు, ఎవలన్న అడ్డమొచ్చిన్రా?

ఇప్పుడు నా అసలు థియరీ. లేస్, అంటే గీ పొక్కల అల్లిక, అల్లేటప్పుడు లైఫ్‌లైన్ వేస్తం, ఒక వరుసల ఉన్న స్టిచ్‌లన్నిట్ల నుంచి వేరే రంగు సన్నదారం గుచ్చుడు. ఐదో సముద్రంల ఉన్నప్పుడు కరెంటు పోయి చీకట్ల ఒక స్టిచ్ జారింది, జర్రున కిందికి విప్పుకుంట పోయి నాలుగో గట్టు మీద లైఫ్‌లైన్ కాడ ఆగింది. అంటే నా స్టోల్ పాణం గా దారంల ఉన్నది! పాణం తీసి ఇంకోకాడ దాసిపెట్టాలె అన్న ఆలోచన దారం పని చేసేటోళ్లకు కాక ఎవలకొస్తది? ఆ కథ మొదలు చెప్పినామె కచ్చితంగ నేతామెనే, నేను రాసిస్త కావాల్నంటే.

ఒక్కటి, అక్రిలిక్ తోటి చెయ్యకున్రి, తడిపి సాగదీసినా మల్ల ముడుసుకుంటది. అసలు ఊలు కావాలె. నీళ్లల నానబెట్టి, పరుపు మీద పిన్నులు గుచ్చి సాగదీసిన, మన ఎండకు పొద్దుగూకకముందే ఎండింది, పొక్కలన్ని తెరుసుకున్నయి. లైఫ్‌లైన్లన్ని గుంజేసిన. ఏడో సముద్రం అవతలి గట్టు మీద ఒక చిలకపచ్చ దారం ఉన్నది, గది మాత్రం గుంజలే.

అమ్మమ్మ వేలు గాడికొచ్చి ఆగింది. "ఇదేందే?" అన్నది.

"చిలుక" అన్న.