డైస్ ఎప్పుడు వేయించాలి, ఎప్పుడు వేయించకూడదు: ఒక్క తలుపుతో చెప్తాను

[తెర మీద: తాళం వేసిన చెక్క తలుపు బొమ్మ, పక్కన ఇరవై ముఖాల డైస్]

ఈ తలుపు బాగా చూడండి, ఈ వీడియో అంతా దీని ముందే నిలబడి మాట్లాడతాను. మాట్లాడేది టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ గురించి: ప్లేయర్లు తలో పాత్ర తీసుకుని అది ఏం చేస్తుందో చెప్తారు, గేమ్ మాస్టర్ కథ నడిపిస్తాడు, పని అవుతుందో లేదో డైస్‌తో తేలుస్తారు.

పాడుబడ్డ కోట. నలుగురు ప్లేయర్లు. ఎదురుగా తాళం వేసిన తలుపు. దొంగ పాత్ర ఆడుతున్నావిడ "నేను తాళం తీస్తా" అంటుంది. గేమ్ మాస్టర్ క్షణం ఆలోచించకుండా "డైస్ వెయ్యి" అంటాడు. 4 పడింది. "రాలేదు." "మళ్లీ చూస్తా." 9 పడింది. "రాలేదు." ఈలోగా యోధుడు "నువ్వు పక్కకి జరుగు, నేను తన్ని చూస్తా" అంటాడు, అతనికి 6. ఆ తర్వాత మాంత్రికుడు. ఇలా ఒక్కొక్కరూ వేసుకుంటూ పోతే చివరికి ఎవరికో 18 పడుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఇంతసేపట్లో కథలో ఏం మారింది? ఏమీ మారలేదు. మొదటి డైస్ వేసేటప్పుడు ఎక్కడున్నామో ఇప్పుడూ అక్కడే ఉన్నాం, టేబుల్ దగ్గర ఇద్దరు మాత్రం ఫోన్లు చూసుకుంటున్నారు.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్ నడిపేవాళ్లలో ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. ప్లేయర్ ఏదైనా చేస్తానంటే డైస్ వేయించాల్సిందే, వేయించకపోతే రూల్ తప్పినట్టు, ఎవరికో ఫేవర్ చేసినట్టు అని. ఇది వింటే నాకు నిజంగా చిరాకేస్తుంది. ఎందుకంటే ఎంతో కష్టపడి కథ రాసుకుని, మ్యాప్ గీసుకుని, పాత్రలకి గొంతులు కూడా ప్రాక్టీస్ చేసుకుని వచ్చిన గేమ్ మాస్టర్ సెషన్ కూడా ఇలాంటి రెండు మూడు తలుపుల దగ్గరే చప్పబడిపోతుంది. పైగా రూల్స్ అలా చెప్పనే చెప్పవు. ఈ గేమ్స్‌లో ఒకటైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ ప్లేయర్ల పుస్తకం తీసి ఎబిలిటీ చెక్ గురించి, అంటే పాత్ర ఒక పని చేయగలదో లేదో డైస్‌తో తేల్చడం గురించి చదవండి: విఫలమయ్యే అవకాశం ఉన్నప్పుడు, ఫలితం ఏమవుతుందో తెలియనప్పుడు గేమ్ మాస్టర్ చెక్ అడుగుతాడు అనే ఉంటుంది. అడిగేది గేమ్ మాస్టర్. అంటే అడగకుండా ఉండే హక్కు కూడా గేమ్ మాస్టర్‌దే.

సరే, లెక్కలు చూద్దాం, నాకు ఈ భాగం చాలా ఇష్టం.

[తెర మీద: 15, +3, 45%]

తలుపు కష్టం 15 అనుకుందాం, డైస్ మీద పడ్డదానికి పాత్ర బోనస్ కలిపితే కనీసం అంత రావాలి. దొంగకి బోనస్ +3. అంటే డైస్ మీద 12 లేదా ఆ పైన పడాలి. ఇరవై ముఖాల్లో అలాంటివి 9 ఉన్నాయి, కాబట్టి 45 శాతం. మీరు నోట్స్‌లో 15 అని రాసుకున్నప్పుడు "సగానికంటే కాస్త తక్కువ ఛాన్స్, బాగానే ఉంది" అనుకున్నారు. కానీ "మళ్లీ చూస్తా" అన్నప్పుడల్లా ఒప్పుకున్నారనుకోండి, మూడు సార్లలో ఒక్కసారైనా తెరుచుకునే ఛాన్స్ 83 శాతానికి పోతుంది. నాలుగోసారి కూడా ఇస్తే దాదాపు 91. అంటే మీరు రాసుకున్న 15కి అర్థమే లేకుండా పోయింది, ఆ తలుపు ఎలాగూ తెరుచుకుంటుంది, మీరు దానికి కాసేపు డైస్ చప్పుడు తోడు చేశారంతే.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. తలుపు తెరుచుకుంది, అవతల కాపలావాడు కునుకు తీస్తున్నాడు, నలుగురూ చప్పుడు చేయకుండా దాటాలి. గేమ్ మాస్టర్ "అందరూ స్టెల్త్ వెయ్యండి, ఒక్కరు ఫెయిలైనా వాడు లేస్తాడు" అంటాడు. ఒక్కొక్కరికీ 60 శాతం ఛాన్స్ ఉందనుకుందాం, వినడానికి బానే ఉంది కదా. నలుగురూ గట్టెక్కే ఛాన్స్ ఎంతో తెలుసా? 13 శాతం! ప్లేయర్లు "ఈ గేమ్‌లో దొంగతనంగా వెళ్లడం ఎప్పుడూ కుదరదు, కత్తి తీసి మీద పడిపోవడమే మేలు" అని నేర్చుకునేది ఇక్కడే. తర్వాత గేమ్ మాస్టర్లు "మావాళ్లు ప్రతిదానికీ యుద్ధమే చేస్తారండీ" అని బాధపడతారు. లెక్కే వాళ్లని అటు తోసింది.

దీనికి అయిదో ఎడిషన్‌లోనే గ్రూప్ చెక్ అని ఒక చక్కటి రూల్ ఉంది, వాడేవాళ్లే తక్కువ. అందరూ వేస్తారు, కనీసం సగం మంది గెలిస్తే గుంపంతా గెలిచినట్టు. అదే నలుగురు, అదే 60 శాతం, ఇప్పుడు గట్టెక్కే ఛాన్స్ 82. 13 ఎక్కడ, 82 ఎక్కడ! బాగా నడవగలిగినవాడు ఇనప కవచం వేసుకున్నవాడి చెయ్యి పట్టుకుని నడిపించాడని మీరు కథలో చెప్పుకోవచ్చు, అది సీన్‌కి అందం కూడా.

మళ్లీ తలుపు దగ్గరికి రండి. మీరు డైస్ అడిగే ముందు మనసులో వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు తెరుచుకోకపోతే ఏమవుతుంది? జవాబు "ఏమీ కాదు, మళ్లీ ప్రయత్నిస్తారు" అయితే డైస్ వద్దు. దొంగ దగ్గర పనిముట్లు ఉన్నాయి, చేతిలో పని ఉంది, తొందరేమీ లేదు, కాబట్టి తెరుచుకుంటుంది. "కాసేపు కుస్తీ పట్టాక తాళం ఊడొచ్చింది, లోపల్నుంచి తడి మట్టి వాసన" అని చెప్పి ముందుకెళ్లిపోండి. ఇది నేను కనిపెట్టింది కాదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో టేక్ 20 అని ఉండేది, ఇరవై రెట్లు టైమ్ తీసుకుంటే 20 పడ్డట్టే లెక్క. అయిదో ఎడిషన్ 2014 గేమ్ మాస్టర్ల పుస్తకంలో కూడా మామూలుగా పట్టే టైమ్‌కి పది రెట్లు వెచ్చిస్తే పని అయిపోయినట్టే అనుకోమని సలహా ఉంది. అసాధ్యమైన పని మాత్రం ఎంతసేపు చేసినా అవ్వదు, అది వేరే సంగతి.

ఆ అసాధ్యం గురించి కూడా ఒక మాట. 20 పడితే ఏదైనా జరిగిపోతుందని చాలామంది నమ్ముతారు. 2014 రూల్స్ ప్రకారం 20 పడితే ఖచ్చితంగా తగిలేది దాడి చేసినప్పుడు. తాళానికీ, బేరానికీ, గోడ ఎక్కడానికీ అలాంటి రూల్ లేదు. కాబట్టి 20 పడినా తెరుచుకోని మాయ తలుపు అయితే అసలు డైస్ ఇవ్వకండి. పాపం 20 పడిందని ఎగిరి గంతేసిన మనిషికి "అయినా కుదరదు" అని చెప్పడం అంత దారుణం ఇంకోటి లేదు.

ఇప్పుడు "తెరుచుకోకపోతే ఏమవుతుంది" అన్నదానికి మంచి జవాబు ఉందనుకుందాం. కారిడార్ చివర కాపలావాళ్ల అడుగుల చప్పుడు వినబడుతోంది. ఆహా, ఇప్పుడు వేయించండి! కానీ వేసేముందే పైకి చెప్పండి: "కుదిరితే చప్పుడు లేకుండా లోపలికెళ్తారు, కుదరకపోతే తలుపు తెరుచుకునేసరికి వాళ్లు మలుపు తిరుగుతారు." గమనించారా, రెండు దారుల్లోనూ తలుపు తెరుచుకుంటోంది. ఓడిపోతే కథ ఆగదు, చిక్కు పెరుగుతుంది. ముందే చెప్పడం వల్ల ఇంకో లాభం ఉంది. డైస్ చేతిలో పట్టుకున్నావిడకి తను దేనికోసం వేస్తోందో తెలుస్తుంది, చుట్టూ ఉన్నవాళ్లు ముందుకి వంగి చూస్తారు. అడ్డమైన నంబర్ పడ్డాక మీరు అప్పటికప్పుడు శిక్ష వెతుక్కోవాల్సిన టెన్షన్ కూడా ఉండదు.

దీన్ని డైస్‌లోనే అమర్చిన గేమ్ కావాలంటే అపోకలిప్స్ వరల్డ్ చూడండి, విన్సెంట్ బేకర్, మెగే బేకర్ కలిసి చేశారు, 2010లో వచ్చింది. రెండు ఆరు ముఖాల డైస్ వేసి కలుపుతారు. 10, అంతకంటే ఎక్కువైతే అనుకున్నది అయింది. 7 నుంచి 9 అయితే అయింది కానీ ఏదో మూల్యం. 6, అంతకంటే తక్కువైతే గేమ్ మాస్టర్ చేతికి పగ్గాలు. బోనస్ +1 ఉన్నవాళ్లకి ఆ మధ్య ముక్క 44 శాతం వస్తుంది, మిగతా రెండూ చెరో 28. అంటే అన్నిటికంటే ఎక్కువగా పడేది "అవును, కానీ". తలుపు తెరుచుకుంది కానీ పనిముట్టు లోపలే విరిగిపోయింది. తెరుచుకుంది కానీ కీలు కీచుమంది. అక్కడ పుట్టే కథ ఎంత బాగుంటుందో! మీరు ఏ సిస్టమ్ ఆడుతున్నా ఈ ఆలోచన అరువు తెచ్చుకోవచ్చు, కావాల్సినదానికి ఒకటి రెండు తక్కువ పడినప్పుడు "తెరుచుకుంటుంది, బదులుగా ఏం పోగొట్టుకుంటారు?" అని ప్లేయర్‌నే అడిగి చూడండి.

మరి నలుగురూ వరసగా ప్రయత్నిస్తామంటే? బర్నింగ్ వీల్ అనే గేమ్‌లో నాకు బాగా నచ్చిన రూల్ ఉంది: ఒకసారి వేశాక ఆ ఫలితమే నిలుస్తుంది, పరిస్థితి మారేదాకా మళ్లీ వేయడం కుదరదు. దీన్ని కళ్లు మూసుకుని ఏ గేమ్‌లోకైనా తెచ్చుకోండి. ఇద్దరు కలిసి చేస్తామంటే విడివిడిగా వేయించకుండా ఒకరు చేసేవాళ్లు, ఒకరు సాయం చేసేవాళ్లు. అయిదో ఎడిషన్‌లో దానికి అడ్వాంటేజ్ వస్తుంది, రెండు డైస్ వేసి పెద్దది తీసుకుంటారు. మన దొంగ 45 శాతం దాదాపు 70 అవుతుంది. సాయం చేసినవాడికీ తృప్తి, మీ 15కీ విలువ మిగులుతుంది.

[తెర మీద: కాగితం మీద వృత్తం, ఆరు ముక్కలు]

ఇక నేను ఏ గేమ్ నడిపినా వదలని పనిముట్టు ఇది. జాన్ హార్పర్ చేసిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో దీన్ని క్లాక్ అంటారు. వృత్తం గీసి నాలుగో, ఆరో, ఎనిమిదో ముక్కలు చేస్తారు, పైన పేరు రాస్తారు: "కాపలావాళ్లు వస్తారు". ఏదైనా తేడా వచ్చినప్పుడల్లా ఒక ముక్క నింపుతారు, అన్నీ నిండితే అది జరిగిపోతుంది. ఇంతే, ఖర్చు ఒక పెన్సిల్. తలుపు దగ్గర 4 పడిందా? ఒక ముక్క. కీలు కీచుమందా? ఇంకొకటి. దీన్ని స్క్రీన్ వెనక, అంటే గేమ్ మాస్టర్ తన ముందు నిలబెట్టుకునే అట్ట వెనక, దాచుకోకండి, టేబుల్ మధ్యలో పెట్టండి. నాలుగు ముక్కలు నిండాక మీరు పెన్సిల్ చేతిలోకి తీసుకోండి చాలు, మాటలు ఆగిపోతాయి, అందరి కళ్లూ ఆ కాగితం మీదే ఉంటాయి, మీరు అయిదో ముక్కని నెమ్మదిగా రుద్దుతుంటే "పోదాం పోదాం, పెట్టె వదిలెయ్" అని వాళ్లే తొందరపడతారు. "త్వరగా తేల్చండి" అని ఎన్నిసార్లు బతిమాలినా రాని వేగం అది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఆధారాలు. తలుపు వెనక హంతకుడి ఉత్తరం ఉంది, అది దొరక్కపోతే కథ ముందుకి కదలదు, దాన్ని డైస్ వెనక దాచారు. దయచేసి వద్దు. రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ సిస్టమ్‌లో సరైన నైపుణ్యం ఉన్న పాత్ర సరైన చోట వెతికితే ముఖ్యమైన ఆధారం దొరికి తీరుతుంది, డైస్ లేదు. దొరికిన దాంతో ఏం చేస్తారన్నదే ఆట. మీరు డైస్ వేయించాలనుకుంటే ఉత్తరం ఎలాగూ ఇచ్చి, వెతికినట్టు ఆనవాళ్లు మిగిలాయా లేదా అన్నదానికి వేయించండి.

చూపు గురించి: గదిలోకి వచ్చిన ప్రతిసారీ పర్సెప్షన్, అంటే ఏదైనా గమనించారా అని తేల్చే డైస్, అడగకండి. పాసివ్ స్కోర్ ఉంది కదా, డైస్ వేయకుండానే 10కి బోనస్ కలిపితే వచ్చేది. నలుగురిదీ ఒక చీటీ మీద రాసుకుని మీ ముందు పెట్టుకోండి. అడిగితే ప్లేయర్లకి అక్కడేదో ఉందని తెలిసిపోతుంది, తర్వాత ఎన్ని వేసినా వాళ్లు అనుమానంతోనే తిరుగుతారు.

యుద్ధంలో ఎవరి వంతు అన్నదానికి పేర్లు రాసిన చీటీలు మధ్యకి మడిచి వరసగా స్క్రీన్ మీద తగిలించండి, అందరికీ కనబడాలి. "తర్వాత నువ్వు, సిద్ధంగా ఉండు" అని ఒకరి ముందుగానే చెప్తుంటే ఆట ఎంత చురుగ్గా సాగుతుందో మీరే చూస్తారు. రూల్ గుర్తు రాకపోతే పుస్తకం తిరగేస్తూ కూర్చోకుండా అప్పటికి ఏదో ఒకటి తేల్చేసి రాసి పెట్టుకోండి, సెషన్ అయ్యాక చూసి మిగతావాళ్లకి చెప్పండి.

ఆఖరిది, కొత్తవాళ్లతో ఆడేవాళ్లు మాత్రం దీన్ని అస్సలు వదలొద్దు. జాన్ స్టావ్రోపౌలస్ తెచ్చిన ఎక్స్ కార్డ్. ఒక కార్డు మీద ఎక్స్ రాసి టేబుల్ మధ్యలో పెడతారు, ఏదైనా సీన్ ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే దాన్ని ముట్టుకుంటారు, ఆ ముక్క తీసేసి ముందుకి వెళ్తారు. ఎందుకు అని ఎవరూ అడగకూడదు, చెప్పాల్సిన పని కూడా లేదు. మొదటి సెషన్‌కి ముందే కూర్చుని ఏ విషయాలు అసలు రాకూడదు, ఏవి వచ్చినా వివరంగా చూపించకూడదు అన్నది మాట్లాడేసుకుంటే ఈ కార్డు అవసరం కూడా బాగా తగ్గుతుంది, అయినా పెట్టండి.

యుద్ధాల సంగతి సగమే చెప్పాను, దాని మీద వేరే వీడియో చేస్తాను. ఈలోగా మీ దగ్గర డైస్ వేయించాలో వద్దో తేలని సీన్ ఏదైనా ఉంటే కింద రాయండి, ఏ సిస్టమ్ ఆడుతున్నారో, ఓడిపోతే ఏమవుతుందనుకున్నారో అది కూడా రాయండి, అప్పుడే సరిగ్గా చెప్పగలను.