బియ్యం డబ్బా ఆఫీసు బ్యాగులో

యాంకర్: హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: బెంగళూరు, మారతహళ్లి నుంచండీ. సొంతూరు మదనపల్లె. డాక్టరు గారూ, అడగాలంటే సిగ్గుగా ఉంది... నేను పచ్చి బియ్యం తింటున్నానండీ. అన్నానికి కొలిచేటప్పుడు గుప్పెడు నోట్లో వేసుకుంటే ఇక ఆగదు, ఇప్పుడు ఆఫీసు బ్యాగులో కూడా చిన్న డబ్బా పెట్టుకుంటున్నాను. మా అత్తయ్య, అందుకే మీ పెళ్లిలో అంత వాన పడింది అంటుంది.

డాక్టర్: (నవ్వుతూ) వాన సంగతి నాకు తెలీదు గానీ, ఎన్నాళ్లుగా అమ్మా?

కాలర్: బాబు పుట్టాకేనండీ, ఏడాది దాటింది. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. జుట్టు ఊడుతోంది, అదేమో ఇక్కడి బోరు నీళ్ల వల్లే అనుకున్నా.

డాక్టర్: బెంగళూరులో అందరూ నెపం నీళ్ల మీదికే నెడతారు! నెలసరి ఎన్ని రోజులు?

కాలర్: ఏడెనిమిది... బాగా ఎక్కువగానే.

డాక్టర్: ఐరన్ అలా పోతోందేమో. ఐరన్ తగ్గితే కొందరికి బియ్యం, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపిస్తుంది, దాన్ని పైకా అంటారు, తిడితే మానేది కాదు. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూపించండి. ఫెరిటిన్ అంటే గాదెలో దాచిన ఐరన్ లెక్క అనుకోండి, ముందు గాదె ఖాళీ అయ్యాకే హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఆడవాళ్లకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనతే.

కాలర్: కాన్పప్పటి ఐరన్ మాత్రలు మిగిలితే వేసుకున్నానండీ, ఏం తేడా లేదు.

డాక్టర్: ఎప్పుడు వేసుకునేవారు?

కాలర్: పొద్దున ఇడ్లీ తిని, కాఫీతో.

డాక్టర్: ఇంకేం, కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర, ఇవేవీ ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. ఒకటి రెండు గంటలు ఎడం ఉండాలి. నిమ్మరసంతో అయితే మేలు. ఈసారి మాత్రం పరీక్ష చేయించాక డాక్టరు చెప్పిన మోతాదులోనే వేసుకోండి. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడకండి. హిమోగ్లోబిన్ మామూలైందని ఆపేస్తారు చాలామంది, గాదె నిండాలంటే ఆ తర్వాత కూడా ఓ మూడు నెలలు వేసుకోవాలి. రక్తస్రావం గురించి గైనకాలజిస్టుని కలవండి, చిల్లు పూడ్చకుండా ఎంత పోసినా లాభం లేదు. మాత్రలు బాబుకి అందకుండా పెట్టండి, చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది.

కాలర్: బీట్‌రూట్ జ్యూస్ రోజూ తాగుతున్నా కదండీ?

డాక్టర్: రంగే ఎరుపమ్మా, ఐరన్ కొంచెమే. మాంసం తింటారా?

కాలర్: ఆదివారాలు.

డాక్టర్: తినండి, అందులో ఐరన్ బాగా పడుతుంది.

కాలర్: మరి ఈ డబ్బా ఏం చేయమంటారు?

డాక్టర్: ఇంట్లో పెట్టేయండి. ఐరన్ ఎక్కుతుంటే కొన్నాళ్లకి మీరే దాన్ని మరిచిపోతారు. అత్తయ్య గారు పక్కనే ఉన్నారా?

కాలర్: స్పీకర్ పెట్టమంది ఆవిడేనండీ.