కిడ్నీ మార్చిన పిల్లల ఇంట్లో జ్వరం

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో కిడ్నీ మాట ఎత్తితే అందరికీ ఉద్దానమే గుర్తొస్తుంది. అక్కడి కిడ్నీ జబ్బు ఎక్కువగా పెద్దవాళ్లది. పిల్లల్లో కారణాలు చాలావరకు వేరు. కొందరికి పుట్టుకతోనే మూత్రనాళాల్లో లోపం ఉంటుంది, కొందరికి మందులకు లొంగని నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్లు వాచే జబ్బు. ఈరోజు నేను మాట్లాడేది కిడ్నీ మార్చి ఇంటికి పంపాక ఏం జరుగుతుందన్న దాని గురించి.

కొత్త కిడ్నీని ఒంట్లోని రక్షణ వ్యవస్థ పరాయిదనుకుని దాడి చేస్తుంది. అలా జరగకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ ఇస్తాం. ఇవి కిడ్నీని కాపాడతాయి గానీ, క్రిములతో పోరాడే బలాన్నీ తగ్గిస్తాయి. మొదటి నెలలో ఆపరేషన్ గాయం, మూత్రం ఇన్ఫెక్షన్ల భయం. తర్వాత ఆరో నెల దాకా సీఎంవీ, ఈబీవీ, బీకే వంటి వైరస్‌ల కాలం. పెద్దవాళ్లలో చాలామందికి ఇవి చిన్నప్పుడే సోకి ఉంటాయి. పిల్లలకు మాత్రం చాలాసార్లు కిడ్నీతో పాటే మొదటిసారి వస్తాయి, అందుకే వాళ్లకు ముప్పు ఎక్కువ.

స్టెరాయిడ్ జ్వరాన్ని అణిచేస్తుంది. లోపల ఇన్ఫెక్షన్ ముదురుతున్నా పైకి ఒళ్లు కాస్త వెచ్చగా, పిల్లాడు కాస్త డల్‌గా కనిపిస్తాడంతే. 100.4 ఫారెన్‌హీట్ చూపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించి చూద్దాం అనుకోవద్దు. నొప్పి మాత్రల్లో కొన్ని కిడ్నీని దెబ్బతీస్తాయి. క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ లాంటివి రక్తంలో టాక్రోలిమస్‌ను అమాంతం పెంచేస్తాయి. విరేచనాలైనా అది పెరగొచ్చు. అలాగని భయపడి మాత్రలు మీ అంతట మీరే ఆపేస్తే కిడ్నీయే పోతుంది.

నన్ను అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఆటలమ్మ. మన ఊళ్లలో అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి, మందు ముట్టకుండా కూర్చుంటారు. వేపమండలు కట్టుకోండి, నేను కాదనను. కానీ ఈ పిల్లలకు ఆటలమ్మ ఊపిరితిత్తులకు, కాలేయానికి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. పొక్కు కనబడ్డ రోజే వైరస్‌కు మందు మొదలుపెట్టాలి. అసలు పొక్కు దాకా ఎందుకు? పక్కింటి పిల్లకు వచ్చిందని తెలిసిన రోజే చెప్పండి. ఆ పిల్ల ఒంటి మీద పొక్కులు లేవకముందు ఒకటి రెండు రోజుల నుంచే అంటిస్తూ ఉంటుంది. ఆ పిల్లతో కలిసి మెలిగిన పది రోజుల్లోపు యాంటీబాడీ ఇంజెక్షన్ వేయొచ్చు, ఎంత త్వరగా వేస్తే అంత మేలు. బడిలో టీచర్లు కూడా తరగతిలో ఎవరికైనా వస్తే అదే రోజు ఆ తల్లిదండ్రులకు ఫోన్ చేయాలి.

ఆటలమ్మ టీకా, తట్టు టీకా కిడ్నీ మార్చకముందే, కనీసం నాలుగు వారాల ముందు పూర్తి కావాలి. ఇవి బతికున్న వైరస్‌తో చేసిన టీకాలు, ఆపరేషన్ తర్వాత సాధారణంగా వేయం. ఆటలమ్మ టీకా సర్కారు ఉచిత జాబితాలో లేదు, కొనుక్కోవాలి. ఖర్చే, అయినా అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ వేయించమనే చెబుతాను. పోలియో చుక్కల సంగతి వేరు. ఇంట్లో చంటిపిల్ల ఉంటే, చుక్కల్లోని వైరస్ కొన్ని వారాల పాటు ఆ బిడ్డ మలంలో బయటికొస్తుంది, కిడ్నీ మార్చిన పిల్లాడికి అది సోకొచ్చు. అందుకని పల్స్ పోలియో ఆదివారానికి ముందే మమ్మల్ని అడగండి. ఆ ఇంటి బిడ్డకు చుక్కల బదులు ఇంజెక్షన్ వేయించే దారి ఉంది. ఆశా అక్కలూ, ఈ ఇళ్లేవో మీ దగ్గర రాసి పెట్టుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.