రెండు పద్ధతులకూ ఒకే హార్నెస్: స్కూబా పట్టీలు కొనే ముందు చూడవలసినవి

[తెరపై: కొత్తపట్నం తీరంలో ఒడ్డుకు లాగి ఉంచిన ఫైబర్ బోట్లు. పక్కనే పరిచిన పట్టా మీద హార్నెస్, గాలితిత్తి, రెండు సిలిండర్లు.]

నమస్కారం. గాలి సిలిండర్‌తో నీటి కింద ఈదే స్కూబాలో శిక్షణ పూర్తిచేసి, ఇకమీదట అద్దె సామగ్రి మీద ఆధారపడకుండా సొంత హార్నెస్, అంటే సిలిండర్‌ను ఒంటికి బిగించే పట్టీల అమరిక, కొనుక్కోవాలనుకునేవారిని ఒక ప్రశ్న తప్పకుండా ఇబ్బంది పెడుతుంది. సిలిండర్‌ను వీపున కట్టుకునే బ్యాక్‌మౌంట్‌కు ఒకటి, రెండు సిలిండర్లను ఒంటికి ఇరుపక్కలా తగిలించుకునే సైడ్‌మౌంట్‌కు ఇంకొకటి కొనాలా, లేక రెండింటికీ పనికివచ్చే ఒకే హార్నెస్ సరిపోతుందా? ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో పుదుచ్చేరికి, విశాఖకు, అండమాన్‌కు సామాను మోసుకుంటూ రైలులోనో విమానంలోనో వెళ్లవలసిన మనకు ఒకే హార్నెస్ అనే ఆలోచన సహజంగానే నచ్చుతుంది. అది కుదిరే పనే. అయితే ప్రకటనలో ‘రెండింటికీ పనికివస్తుంది’ అని ఉన్న ప్రతి హార్నెస్సూ రెండు పద్ధతులలోనూ సమానంగా పనిచేయదు. బరువు ఎక్కడ వేలాడుతున్నది, దానిని తేల్చే గాలి ఎక్కడ నిలుస్తున్నది అనే రెండు విషయాలు పరిశీలిస్తే ఏది పనిచేస్తుందో చాలావరకు తేలిపోతుంది.

[తెరపై: వీపు పలక, దానికి అమర్చిన గాలితిత్తి, ఒక సిలిండర్.]

బ్యాక్‌మౌంట్‌లో మొత్తం బరువు వెన్ను వెంబడి ఉంటుంది. స్టీలుతోనో అల్యూమినియంతోనో చేసిన పలక వీపున ఉంటుంది, సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీలు దానిని భుజాలకూ నడుముకూ బిగిస్తాయి, పలకకూ సిలిండర్‌కూ మధ్య మనిషిని నీటిలో తేల్చే వింగ్ అనే గాలితిత్తి ఉంటుంది. సిలిండర్ నడుమ ఉండగా గాలి దానికి రెండు వైపులా, భుజాల నుంచి నడుము దాకా పరుచుకుంటుంది కాబట్టి మనిషి నీటిలో అడ్డంగా, స్థిరంగా నిలవగలుగుతాడు.

సైడ్‌మౌంట్‌లో వీపు ఖాళీ. ఇంగ్లండులోని ఇరుకైన జలగుహలలో పాకుతూ ముందుకు పోయే అన్వేషకులు వీపున సిలిండర్ ఉంటే సందులలో దూరలేక దానిని పక్కకు మార్చుకున్నారు. ఆ తరువాత అమెరికాలోని ఫ్లోరిడా గుహలలో ఈదేవారు ఆ పద్ధతికి మెరుగులు దిద్దారు. ఇందులో సిలిండర్ అడుగుభాగాన్ని తుంటి దగ్గరి రింగుకు బోల్ట్ స్నాప్ అనే కొక్కెంతో తగిలిస్తారు, వాల్వు ఉన్న పైభాగాన్ని బంజీ అనే సాగే తాడు చంక కిందికి లాగి పట్టుకుంటుంది. బరువు తుంటి దగ్గరకు చేరుతుంది కాబట్టి దానిని తేల్చే గాలి కూడా నడుము కింది భాగంలోనే ఎక్కువగా నిలవాలి.

ఒకే హార్నెస్ అనే ఆలోచన చిక్కుపడేది ఇక్కడే. బ్యాక్‌మౌంట్ కోసం చేసిన తిత్తిని, నడుమ సిలిండర్ లేకుండా సైడ్‌మౌంట్‌లో వాడితే దాని అంచులు రెండు రెక్కలలా పైకి లేస్తాయి, గాలి భుజాల వైపు పోతుంది, కాళ్లు కిందికి జారుతాయి. అంచులను సాగే తాడుతో నడుముపట్టీకి కట్టి అణచవచ్చు కానీ అది సర్దుబాటు మాత్రమే. సైడ్‌మౌంట్ కోసమే చేసిన చిన్న తిత్తికి వీపున బరువైన జంట సిలిండర్లు కడితే ఎదురయ్యేది మరో చిక్కు: పైకి తేల్చే శక్తి చాలకపోవచ్చు. అందుచేత నా అభిప్రాయం ఇది: హార్నెస్ ఒకటే ఉండనివ్వండి, గాలితిత్తులు మాత్రం రెండు ఉంచుకోండి. డైవ్‌రైట్ సంస్థ ట్రాన్స్‌ప్యాక్ వంటి మెత్తని హార్నెస్‌లు ఈ ఏర్పాటుకు అనువుగా ఉంటాయి. హాలిస్ సంస్థ ఎస్‌ఎంఎస్ 100 వంటివి ఒకే తిత్తితో రెండు పనులూ చేయడానికి రూపొందినవి, ఎక్స్‌డీప్ సంస్థ స్టెల్త్ 2.0 వంటివి కేవలం సైడ్‌మౌంట్ కోసం చేసినవి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ధర మాత్రమే పోల్చి చూడటం వలన ప్రయోజనం లేదు.

[తెరపై: అల్యూమినియం సిలిండర్ దగ్గరగా. పక్కన అంకెలు.]

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. డైవింగ్ కేంద్రాలలో సాధారణంగా అద్దెకు దొరికే అల్యూమినియం సిలిండర్ ఘనపరిమాణం సుమారు 11 లీటర్లు, అందులో గాలిని 200 బార్ల ఒత్తిడికి నింపుతారు. అంటే బయటి మామూలు ఒత్తిడిలో దాదాపు 2,200 లీటర్ల గాలి. లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు తూగుతుంది కాబట్టి ఒక సిలిండర్‌లోని గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. ఆ గాలి వాడుకున్న కొద్దీ సిలిండర్ తేలికవుతుంది. నిండుగా ఉన్నప్పుడు అరకిలోకు పైగా కిందికి లాగిన సిలిండరే ఖాళీ అయ్యేసరికి సుమారు రెండు కిలోల శక్తితో పైకి తేలుతుంది. సైడ్‌మౌంట్‌లో దాని ప్రభావం కంటికే కనిపిస్తుంది: అడుగుభాగం పైకి లేచి, సిలిండర్ ఒంటికి సమాంతరంగా ఉండటం మానేస్తుంది. అప్పుడు కొక్కేన్ని తుంటి వెనుక రింగు నుంచి తీసి, నడుముపట్టీ మీద ముందువైపున్న రింగుకు మార్చాలి. కాబట్టి నడుముపట్టీ మీద రింగులు జరిపే వీలు ఉన్నదా లేదా అని కొనే ముందే చూడండి. స్టీలు సిలిండర్లు ఖాళీ అయినా సాధారణంగా మునిగే ఉంటాయి కాబట్టి వాటికి నడుము వెనుక గట్టి పలక, దానికి తగిలించే చోటు కావాలి. రెండు రకాల సిలిండర్లూ వాడే ఉద్దేశం ఉంటే హార్నెస్‌కు ఈ రెండు ఏర్పాట్లూ ఉండాలి.

సైడ్‌మౌంట్‌లో రెండు సిలిండర్లకు గాలిని ఊపిరికి అందించే రెగ్యులేటర్లు వేరువేరుగా, మిగిలిన గాలిని చూపే మీటర్లు వేరువేరుగా ఉంటాయి. ఒక పక్క బిందె ఖాళీ అయితే కావడి రెండో పక్కకు ఒరిగినట్లే, ఒకే సిలిండర్ నుంచి ఊపిరి తీసుకుంటూ పోతే మనిషి ఒక పక్కకు వాలిపోతాడు. పైగా ఒక రెగ్యులేటర్ చెడిపోతే రెండో సిలిండర్‌లో సరిపడా గాలి మిగిలి ఉండాలి. ఈ రెండు కారణాల చేత వంతులవారీగా మార్చుకుంటూ వాడతారు.

పలక విషయంలో తొందరపడకండి. స్టీలు పలక రెండున్నర నుంచి మూడు కిలోలు తూగుతుంది, అల్యూమినియం పలక ఒక కిలో దరిదాపుల్లో ఉంటుంది. బంగాళాఖాతం నీరు వెచ్చన, 3 మిల్లీమీటర్ల మందమున్న డైవింగ్ సూటు చాలామందికి చాలు. అంత పలుచని సూటుకు తేలే గుణం తక్కువ కాబట్టి సీసపు బరువులూ తక్కువే పడతాయి. ఒక అల్యూమినియం సిలిండర్‌తో వెళ్లేవారికి స్టీలు పలక ఆ సీసం స్థానంలో చక్కగా సరిపోతుంది. అదే స్టీలు పలకకు జంట స్టీలు సిలిండర్లు కూడా తోడైతే, తిత్తి చిరిగిన రోజున కాళ్లతో ఈదుకుంటూ పైకి రావడం చాలా కష్టమవుతుంది. సైడ్‌మౌంట్‌లో వీపున అసలు గట్టి పలక అవసరమే లేదు. అందుకే పలకను తీసి పక్కన పెట్టగలిగిన హార్నెస్‌కు నేను ఎక్కువ మార్కులు వేస్తాను, విమానంలో బరువు కలిసిరావడం అదనపు లాభం.

[తెరపై: మైపాడు దగ్గర సముద్రం. ఒడ్డున ఎండుతున్న వలలు.]

మన తీరం సంగతి వేరు. పెన్నా వరదనీరు కలిసే రోజులలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఈశాన్య రుతుపవనాల కాలంలో, నీరు మడ్డిగా ఉండి చెయ్యి చాపితే వేళ్లు కనిపించని స్థితి కూడా వస్తుంది. అడుగున తెగిపోయిన వలలు చిక్కుకుని ఉండవచ్చు. అటువంటి నీటిలో సామగ్రిని కంటితో కాక చేతితో గుర్తుపట్టాలి. వేలాడే పట్టీ కొసలు, అనవసరమైన రింగులు, ప్లాస్టిక్ బకిల్స్ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. వాల్వు వీపు వెనుక కాక చంక దగ్గర, చేతికి అందేచోట ఉండటం సైడ్‌మౌంట్‌కు ఉన్న నిజమైన మేలు. నీటిలోకి దిగినవారికి బోటు మీది నుంచి సిలిండర్లను ఒక్కొక్కటిగా అందించగలగడం కూడా నడుమునొప్పి ఉన్నవారికి ఊరటే.

గుహల కోసం పుట్టిన పద్ధతి అన్నాము కదా అని చీమకుర్తి గ్రానైట్ క్వారీ గుంతలలోనో, సైదాపురం వైపు నీరు నిండిన పాత మైకా గనులలోనో ప్రయత్నించవద్దు. పైకప్పు ఉన్న నీటికి ప్రత్యేక శిక్షణ కావాలి, హార్నెస్ ఆ శిక్షణకు బదులు కాదు. సైడ్‌మౌంట్‌కు మామూలు సముద్రంలో కూడా విడిగా శిక్షణ తీసుకోవాలి.

[తెరపై: హార్నెస్ తొడుక్కుంటున్న వ్యక్తి.]

ఇక కొలతలు. సూటు వేసుకుని, భుజపట్టీ కింద మూడు వేళ్లు దూరేంత వదులుతో బిగించండి. కాళ్ల మధ్యగా పోయే పట్టీ తప్పనిసరి, అది లేకపోతే సైడ్‌మౌంట్‌లో సిలిండర్ల లాగుడుకు హార్నెస్ మొత్తం పైకి పాకుతుంది. కోత లేని ఒకే పట్టీతో చేసిన హార్నెస్‌లో విరిగే భాగాలు తక్కువ, కానీ పద్ధతి మార్చిన ప్రతిసారీ బిగింపు మార్చుకోవడం విసుగు. భుజాలు బిగుసుకుపోయినవారు, తరచుగా మార్చేవారు, సర్దుబాటు బకిల్స్ ఉన్నవే తీసుకోవచ్చు. రింగులు 316 రకం స్టీలువైతే ఉప్పునీటికి ఎక్కువకాలం నిలుస్తాయి, అల్యూమినియం పలకకు స్టీలు బోల్టులు తగిలేచోట మాత్రం తెల్లటి పొడి పట్టకుండా మంచినీటితో కడుగుతూ ఉండాలి.

కొనేవారు తరచుగా మరచిపోయే భాగం గాలి నింపే గొట్టం. బ్యాక్‌మౌంట్ తిత్తికి అది ఎడమ భుజం మీదుగా వస్తుంది, చాలా సైడ్‌మౌంట్ తిత్తులకు కింది నుంచి ఛాతీ మీదికి వస్తుంది. రెగ్యులేటర్ నుంచి దానికి వెళ్లే హోస్ పొడవు మారుతుంది కాబట్టి రెండు పొడవులలోనూ హోస్‌లు ఉంచుకోవాలి. అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే: పద్ధతి మార్చడానికి ఇంకా ఏ ఏ భాగాలు విడిగా కొనాలి? ఆ జాబితా ధరను హార్నెస్ ధరకు కలిపి, విదేశం నుంచి తెప్పిస్తే పడే కస్టమ్స్ సుంకాన్ని కూడా జతచేసి, ఆ మొత్తాన్ని రెండు విడి హార్నెస్‌ల ధరతో పోల్చండి. మీరు చేసే డైవ్‌లలో పదికి తొమ్మిది ఒకే సిలిండర్‌తో బోటు నుంచి చేసేవైతే, మంచి బ్యాక్‌మౌంట్ హార్నెస్ కొనుక్కుని, సైడ్‌మౌంట్ సామగ్రిని శిక్షణ కేంద్రంలో అద్దెకు తీసుకోవడమే చౌక.