షట్టర్ దించిన షెడ్డులో గాలి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, కెమిస్ట్రీ పిల్లలకు సైన్స్ దినోత్సవ నమస్కారాలు. అందరినీ పేరుపేరునా పలకరించాలనే ఉంది. కానీ నాకిచ్చింది పది నిమిషాలే.

శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ అంటే అందరూ రాకెట్ గురించే మాట్లాడతారు. నేను వ్యోమగాములు కూర్చునే క్యాబిన్ లోపలి గాలి గురించి మాట్లాడతాను. క్యాబిన్‌కు కిటికీ తెరవలేం. జిగురు, వైర్ల తొడుగు, పెయింటు, అన్నిట్లోంచీ సాల్వెంట్, అంటే వాటిని కరిగించడానికి వాడే ద్రవం, ఆవిరిగా కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. అందుకే నాసావాళ్లు లోపల వాడబోయే సామాన్లను మూసిన పాత్రలో, 49 డిగ్రీల సెల్సియస్ వేడిలో 72 గంటలు ఉంచుతారు. తర్వాత ఆ గాలిలో ఏమేం చేరాయో, కలిసిన ఆవిరులను విడదీసి చూపే గ్యాస్ క్రోమటోగ్రాఫ్ యంత్రంలో చూస్తారు. పీల్చదగిన హద్దు కూడా ఒక్కటే కాదు. గంటసేపు పీల్చే గాలికి ఒకటి, 24 గంటలకు ఒకటి, 7, 30, 180 రోజులకు వేరువేరు. ఫ్యాక్టరీలో పెట్టే హద్దు మామూలుగా 8 గంటల పనికి. పనివాడు సాయంత్రం ఇంటికెళ్లి మంచి గాలి పీలుస్తాడని లెక్క. వ్యోమగామికి ఆ సాయంత్రం లేదు.

మా నాయనకూ లేదు. చిత్తూరులో ఒక షెడ్డులో లారీలకు స్ప్రే పెయింటింగ్ చేసేవాడు. తడి పెయింటు మీద దుమ్ము పడుతుందని షట్టర్ దించేసేవాళ్లు. రాత్రిళ్లు కాపలాకు అక్కడే పడక. నేను క్యారియర్ తీసుకుపోయి, "నాయనా, ఇంత ఘాటులో ఎట్లుంటావు?" అంటే, "మొదటి అరగంటేరా, తర్వాత వాసనే రాదు" అనేవాడు. పెయింటు పలచన చేసే థిన్నర్ గాలిలో అట్లే ఉంది, ముక్కే పసిగట్టడం మానేసింది. ఈ సంగతి నాకు ఎమ్మెస్సీకి వచ్చాక గానీ తెలియలేదు.

తలనొప్పి, కళ్లు తిరగడం, మాట తడబడటం. వీధిలో వాళ్లు తాగొచ్చాడన్నారు. మా నాయన జన్మలో మందు ముట్టలేదు. ఎక్కడ మైకు దొరికినా ఈ మాట చెబుతాను, ఇక్కడా చెబుతున్నాను. ఆయన మందు ముట్టలేదు.

డైక్లోరోమీథేన్ గురించి చెప్పాలనుకున్నాను. పాత పెయింటు ఊడదీయడానికి వాడతారు. ఒంట్లోకి పోయాక అందులో కొంత కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుగా మారుతుంది. క్యాబిన్‌కు హద్దు పెట్టినవాళ్లు దాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. మా నాయన వాడిన డబ్బాల మీద లోపల ఏముందో కూడా రాసి ఉండేది కాదు.

మీలో ఎవరింట్లో పెయింటర్లున్నారు? చేతులెత్తండి. మొహమాటం వద్దమ్మా, ఎత్తండి. చూశారా, ఇంతమంది!

పిల్లలూ, మీ ల్యాబ్‌లో గ్యాస్ క్రోమటోగ్రాఫ్ ఉంది. ఈ ఏడు ప్రాజెక్టుకు ఒక షెడ్డు గాలిలోని ఆవిరిని చార్‌కోల్ ట్యూబులో, అంటే బొగ్గు నింపిన గొట్టంలో, పట్టుకొచ్చి చూడండి. గాలి లాగే పంపు నేను తెస్తాను. చేతులెత్తినవాళ్లు సభ అయ్యాక ఆగండి, ఏ షెడ్డుతో మొదలుపెట్టాలో మాట్లాడుకుందాం.