క్యాన్సర్ కణం ఎలా కదులుతుంది?

శ్రోతలకు నమస్కారం. రొమ్ములో చిన్న గడ్డ కనిపించి, సూదితో ముక్క తీసి పరీక్షించాలని డాక్టరు చెప్పినప్పుడు, ఎం.వి.పి. కాలనీలో ఉండే మా పిన్ని నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇది: "సూది తగిలితే అది ఒళ్లంతా పాకేస్తుందటగా, బాబూ?" ఈ భయం ఆమె ఒక్కరిదే కాదు కనుక, క్యాన్సర్ కణం అసలు ఎలా కదులుతుందో ఇవాళ చెప్పుకుందాం.

ప్రతి కణం చుట్టూ కొవ్వు అణువులు రెండు వరుసలుగా పేర్చుకున్న పలుచని త్వచం ఉంటుంది. అందులోని కొవ్వులూ ప్రోటీన్లూ ఒకచోట నిలవక జరుగుతూనే ఉంటాయని సింగర్, నికల్సన్ అనే శాస్త్రవేత్తలు 1972లో ప్రతిపాదించారు. ఆ త్వచానికి లోపలివైపున ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగుల వల అంటుకొని ఉంటుంది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ, పూరీ. పూర్ణా మార్కెట్ దగ్గర టిఫిన్ బండి ముందు నిలబడి చూడండి: నూనెలో వేసిన పూరీలో ఆవిరి పుట్టి, పైపొర ఒకచోట లేచి, చూస్తుండగానే బుడగలా ఉబ్బుతుంది. కొన్ని క్యాన్సర్ కణాలు చేసేదీ దాదాపు ఇదే. మయోసిన్ అనే ప్రోటీన్ ఆ వలను బిగించినప్పుడు కణం లోపల ద్రవపు ఒత్తిడి పెరుగుతుంది. వల నుంచి త్వచం ఎక్కడ ఊడితే అక్కడ అర నిమిషంలో బుడగ పొంగుతుంది. పూరీకి చేతకాని పని ఆ తర్వాత మొదలవుతుంది. బుడగ లోపల కొత్త వల అల్లుకుంటుంది. ముందున్న కణజాలపు సందులో బుడగకు పట్టు దొరికిందా, మిగతా కణం దాని వెనకే జారుకుంటుంది, దొరకకపోతే బుడగ ఒకటి రెండు నిమిషాల్లో ముడుచుకుంటుంది. బుడగ, పట్టు, జరుగుడు. మళ్లీ బుడగ, పట్టు, జరుగుడు. త్వచాన్ని వలకు గట్టిగా కట్టి ఉంచితే ఈ కదలిక తగ్గుతుందని ప్రయోగశాలల్లో చూశారు.

అంటే పాకడం కణం సొంతంగా చేయవలసిన పని. పొరుగు కణాల పట్టు విడిపించుకోవాలి, రక్తనాళంలో దూరి బతకాలి, మరోచోట నాటుకోవాలి. సూది దారిలో కణాలు నాటుకోవడం బొత్తిగా జరగదని నేను అనను. రొమ్ము గడ్డల విషయంలో అది చాలా అరుదు. పరీక్ష వాయిదా వేస్తే మాత్రం, అది నిజంగా క్యాన్సరే అయితే, ఆ కణాలకు మనమే గడువిచ్చిన వాళ్లమవుతాం.

పిన్నికి ఇదంతా పూరీతో సహా చెప్పాను. "అయితే సోమవారం నాకు తోడు రా," అన్నది.