తడిలో గెలిచి పొడిలో ఓడిన వెండి

అందరికీ నమస్కారం.

ఆసుపత్రుల్లో తలుపు పిడులు, మంచం రైలింగులు, సెలైన్ స్టాండ్లు ఎక్కువగా స్టీలువే ఎందుకుంటాయి? తళతళలాడుతుంది, తుప్పు పట్టదు, తుడిస్తే మరక పోతుంది. కంటికి అంతకన్నా శుభ్రమైనది కనపడదు. కానీ స్టీలు బ్యాక్టీరియాను ఏమీ అనదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పొడి వస్తువు మీద నెలల తరబడి బతికి ఉండగలదు. పొద్దున తుడిచిన రైలింగును మధ్యాహ్నానికి ఎంతమంది ముట్టుకుంటారో మీకు నాకంటే బాగా తెలుసు.

1983లో ఫిలిస్ కూన్ అనే పరిశోధకురాలు ఒక ఆసుపత్రిలో తలుపు పిడుల మీది క్రిములను పెంచి చూపించారు. మెరిసే స్టీలు పిడుల మీద బ్యాక్టీరియా దండిగా పెరిగింది, నల్లబడిన ఇత్తడి పిడుల మీద అంతంతమాత్రమే. ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే కదా. రాగి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న రాగి పరమాణువులు, బ్యాక్టీరియా పైపొరకు చిల్లులు పెడతాయి, లోపలికి వెళ్లి ప్రోటీన్లను, డీఎన్ఏను పాడు చేస్తాయి. 2008లో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ కొన్ని రాగి మిశ్రలోహాలను క్రిమినాశక పదార్థాలుగా నమోదు చేసింది. రెండు గంటల్లో 99.9 శాతానికి పైగా బ్యాక్టీరియాను చంపుతాయని చెప్పుకునేందుకు అనుమతి ఇచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మార్కెట్లో "యాంటీమైక్రోబియల్" అని రాసి ఉన్న ప్లాస్టిక్కులు, పెయింట్లు బోలెడు. చాలావాటిలో ఉండేది వెండి. 99.9 శాతం అనే అంకె వాటి మీదా ఉంటుంది. ఆ అంకె ఎక్కడిదో మీరు ఎప్పుడైనా అడిగారా? ఎక్కువగా ఐఎస్ఓ 22196 అనే పరీక్ష నుంచి వస్తుంది. వస్తువు మీద బ్యాక్టీరియా ఉన్న నీటిచుక్క వేస్తారు, పైన పలుచటి ప్లాస్టిక్ కప్పుతారు. 35 డిగ్రీల వేడిలో, 90 శాతానికి మించిన తేమలో 24 గంటలు ఉంచుతారు. తర్వాత ఎన్ని మిగిలాయో లెక్కపెడతారు.

పరీక్షలో మోసం లేదు. కానీ వార్డు తలుపు పిడి ఒక రోజంతా తడిసి ఉండదు కదా! ఈ తేడా ఎంత పెద్దదో 2009లో కొందరు శాస్త్రవేత్తలు చూపించారు. మందులకు లొంగని ఎంఆర్ఎస్ఏ బ్యాక్టీరియాను వెండి ఉన్న పదార్థం మీద వేశారు. 90 శాతానికి మించిన తేమలో లక్షకు ఒకటి కూడా మిగల్లేదు. అదే పదార్థాన్ని 20 డిగ్రీల దగ్గర, 22 శాతం తేమలో, అంటే బాగా పొడిగా ఉన్న గదిలాంటి చోట పెడితే సగం కూడా చావలేదు. రాగి మిశ్రలోహాలు రెండు చోట్లా చంపాయి. వెండి నుంచి అయాన్లు బయటికి రావాలంటే తేమ కావాలి. రాగికి అంత పట్టింపు లేదు. పొడి రాగి మీద కొన్ని బ్యాక్టీరియా నిమిషాల్లోనే చస్తాయి.

మరి వెండిని ఎక్కడ వాడాలి? తడి ఉన్నచోట, అంటే ఒంట్లోకి వెళ్లే గొట్టాల్లో. రాళ్లకు పాచి పట్టినట్టు గొట్టాల గోడకు బ్యాక్టీరియా జిగురుపొర కట్టుకుంటుంది. దీన్నే బయోఫిల్మ్ అంటాం. అది ముదిరాక యాంటీబయాటిక్ కూడా లోపలి బ్యాక్టీరియాను తేలిగ్గా చంపలేదు. 2008లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో వెండి పూత ఉన్న శ్వాసగొట్టాలు వాడినవారిలో వెంటిలేటర్ న్యుమోనియా 7.5 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గింది. మరణాలు మాత్రం తగ్గలేదు. మూత్రపు కాథెటర్ల (మూత్రం బయటికి తీసే గొట్టాల) మీద వెండి పూత గురించి 2012లో బ్రిటన్ పరీక్ష చెప్పింది వేరు: చెప్పుకోదగ్గ లాభం లేదు. రెండూ తడి చోట్లే, అయినా ఫలితం ఒకటి కాదు. అందుకే ఏ పరికరానికి ఆ పరికరం రుజువు విడిగా అడగాలని నేను మొండిగా అంటాను.

పైగా వెండికి లొంగని బ్యాక్టీరియా కొత్తదేమీ కాదు. కాలిన గాయాలకు సిల్వర్ నైట్రేట్ అనే వెండి మందు వాడే ఒక వార్డులో దానికి లొంగని సాల్మొనెల్లా వచ్చి ముగ్గురు చనిపోయారని 1975లోనే ప్రచురించారు.

రాగిని నేను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. 2013లో అమెరికాలో మూడు ఆసుపత్రుల ఐసీయూల్లో మంచం రైలింగు, కాల్ బటన్ లాంటి ఆరు వస్తువులను రాగివి పెట్టి చూశారు. మామూలు గదుల్లో ఇన్ఫెక్షన్లు 8.1 శాతం, రాగి గదుల్లో 3.4 శాతం. మంచి ఫలితమే. కానీ రాగి ఎర్రగా కనపడుతుంది. ఏ గది ఏదో అందరికీ తెలిసిపోతుంది, తెలిశాక సిబ్బంది చేతులు ఇంకాస్త శ్రద్ధగా కడుక్కుని ఉండవచ్చు. ఆ అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇంకొకటి, ఇది శుభ్రం చేసే సిబ్బందికి. రాగి నల్లబడితే చూడ్డానికి బాగుండదు, నిజమే. నల్లబడినా పని చేస్తుంది. మెరవాలని దానికి వార్నిష్ గానీ మైనం గానీ రాస్తే మాత్రం బ్యాక్టీరియా తాకేది రాగిని కాదు, ఆ వార్నిష్‌ను. అది కూడా స్టీలులాగే ఏమీ అనదు.

ఇక ప్రశ్నలు అడగండి.